తప్పు ఖరీదెంత?

బోర్డు పక్షం: ఇంట్లో సరదాకి ఎలక్ట్రానిక్స్ మొదలుపెట్టేవాడు ఏ మైక్రోకంట్రోలర్ కొనాలని అడిగితే నేను తడుముకోను. యూఎస్‌బీ కేబుల్ గుచ్చగానే పనిచేసే బోర్డు కొనుక్కోమంటాను. రాస్ప్‌బెర్రీ పై పికో అయినా సరే, ఈఎస్‌పీ32 అయినా సరే, ఆర్డుయినో ఊనో అయినా సరే. మీరేమో అన్నా, ఖాళీ చిప్పు కొనమంటారు. దానికో ఐసీ బేసు, ఓ క్రిస్టల్, దాని పక్కన రెండు కెపాసిటర్లు, 7805 రెగ్యులేటర్, పైన ఒక ప్రోగ్రామర్. ఇవన్నీ కోఠీ గుజరాతీ గల్లీలో ఏరుకొచ్చేసరికి శనివారం గడిచిపోతుంది, ఆసక్తీ చల్లారిపోతుంది.

చిప్పు పక్షం: ఆ ఏరుకురావడంలోనే సగం చదువుంది తమ్ముడూ. 8051కి కొనే క్రిస్టల్ మీద 11.0592 మెగాహెర్ట్జ్ అని ఉంటుంది. నిండుగా 12 అని ఎందుకు లేదు? ఆ చిప్పు పన్నెండు క్లాకులకు ఒక మెషిన్ సైకిల్ నడుపుతుంది. 11.0592 మెగాహెర్ట్జ్‌ని 12తో భాగిస్తే సెకనుకు 9,21,600 వస్తుంది. దాన్ని 32తో భాగిస్తే 28,800. దాన్ని 3తో భాగిస్తే సరిగ్గా 9,600. సీరియల్ పోర్టు వేగం అదే. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెట్టి చూడు, లెక్క తెగదు, కంప్యూటర్ తెర మీద చెత్త అక్షరాలు పడతాయి. ఒక్క క్రిస్టల్ పట్టుకుని లాగితే టైమర్లు, బాడ్ రేటు, సీరియల్ పద్ధతి అంతా కదిలివస్తుంది. నీ బోర్డు మీద కూడా క్రిస్టల్ ఉంది. దాని మీద ఏం రాసుందో ఎప్పుడైనా చదివావా?

బోర్డు పక్షం: చదవలేదు. కానీ ఖాళీ చిప్పుతో చదువుకున్నవాళ్ళు మాత్రం చదివారా? మన ఇంజనీరింగ్ కాలేజీల్లో దశాబ్దాలుగా 8051 చెబుతున్నారు. నేనూ చదివాను. టీహెచ్1 రిజిస్టర్‌లో ఎఫ్‌డీ అని వేయాలని బట్టీపట్టాను, రికార్డులో రాశాను, వైవాలో అప్పజెప్పాను. ఎఫ్‌డీ అంటే మైనస్ 3 అనీ, ఆ మూడు మీరు ఇప్పుడు భాగించిన మూడే అనీ ఈరోజే వెలిగింది. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి మా క్లాసులో సగంమంది డబ్బు కట్టి తయారుగా ఉన్న కిట్టు తెచ్చుకున్నారు. 'కోడ్ డంప్ చేసి ఇస్తాం' అని చెప్పి అమ్మే చోట్లే అన్నీ. ఆ మాట చూడండి. ప్రోగ్రామ్ రాయడం లేదు, ఎక్కించడం లేదు, కుమ్మరించడమే. మీ ఖాళీ చిప్పు మాకు ఇచ్చిన చదువు అది.

చిప్పు పక్షం: ఆ నేరం చిప్పుది కాదు, చెప్పినవాళ్ళది. ఇప్పుడు ఆ చోట్లే ఆర్డుయినో కోడ్ డంప్ చేస్తున్నాయి. చిప్పు మారింది, కుమ్మరించడం మారలేదు.

బోర్డు పక్షం: ఒప్పుకుంటాను. అందుకే కాలేజీని పక్కన పెట్టి, ఎవరూ మార్కులు వేయని చోట, రాత్రి భోజనాలయ్యాక మంచం పక్కన బల్ల మీద చేసే ప్రయోగం సంగతి మాట్లాడదాం. ప్రయోగమంటే నా లెక్కలో తప్పు చేయడానికి దొరికే అవకాశాల సంఖ్య. గంటకు రెండు తప్పులు చేయగలిగినవాడి కంటే అరవై తప్పులు చేయగలిగినవాడు త్వరగా నేర్చుకుంటాడు. పికోలో మైక్రోపైథాన్ వేసుకుంటే కంపైల్ చేయడం కూడా ఉండదు. ఒక లైన్ కొట్టి ఎంటర్ నొక్కగానే పిన్ను మీద 3.3 వోల్టులు వస్తాయి. ఇంకో లైన్ కొడితే పోతాయి. చిప్పుతో ముఖాముఖి మాట్లాడుతున్నట్టే. పొరపాటున ప్రోగ్రామ్ మొత్తం పాడుచేసుకున్నా, బోర్డు మీది తెల్ల బటన్ నొక్కిపట్టి కేబుల్ గుచ్చితే చాలు, పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, కొత్త ఫైలు దాని మీద పడేస్తే అయిపోయింది. ఆ బూట్ కోడ్ చెరిపి రాసే ఫ్లాష్‌లో కాదు, చిప్పు లోపలి రీడ్ ఓన్లీ మెమరీలో అచ్చుపోసి ఉంటుంది. చెరపాలన్నా చెరగదు. ఏటీమెగాల్లాంటి మీ ఏవీఆర్ చిప్పుల్లో ఫ్యూజ్ బిట్ ఒక్కటి తప్పు వేస్తే ఏమవుతుందో మీరే చెప్పండి.

చిప్పు పక్షం: చెప్తాను, దాచుకునేదేం లేదు. ఏటీమెగా8లు మొదటిసారి వాడినప్పుడు క్లాకు ఫ్యూజులు మార్చి, బయటి క్రిస్టల్ వాడమని చెప్పి, బయట క్రిస్టల్ పెట్టలేదు. ఇక ప్రోగ్రామర్‌కి అది పలకలేదు. పోయిందనుకుని పారేశాను. అలా మూడు. ఏడాది తర్వాత తెలిసింది, క్రిస్టల్ కాలు మీద బయటినుంచి క్లాకు సిగ్నల్ ఇస్తే అవి లేచి కూర్చునేవని. బతికున్నవాటిని పారేశాను.

బోర్డు పక్షం: మరి!

చిప్పు పక్షం: మరి, ఆ మూడు చిప్పులే నాకు క్లాకంటే ఏమిటో నేర్పాయి. నువ్వు అరవై తప్పుల లెక్క చెప్పావు. తప్పు మరీ చవకైతే దాన్ని ఎవరూ తిరిగి చూడరు. డిలే 50 పెట్టి చూశావు, పనిచేయలేదు. 100 పెట్టావు, లేదు. 73 పెట్టావు, పనిచేసింది. సంతోషించి వెళ్ళిపోయావు. 73 ఎందుకు? తెలీదు. అది ప్రయోగం కాదు తమ్ముడూ, లాటరీ.

బోర్డు పక్షం: అన్నా, ఈ మాట మీకు ముందు తరంవాళ్ళు మిమ్మల్ని అనలేదా? ఇంటెల్ 8751 రోజులు గుర్తున్నాయా? 8051కి తోబుట్టువు, లోపల ఈప్రామ్. పైన క్వార్ట్జ్ గాజు కిటికీ. ప్రోగ్రామ్ చెరపాలంటే అతినీల లోహిత దీపం కింద పావుగంటో ఇరవై నిమిషాలో పెట్టాలి. చెరిగాక బయటి వెలుతురు తగలకుండా కిటికీ మీద స్టిక్కర్ అంటించాలి. ఆ తర్వాత 1990లలో అట్మెల్ ఏటీ89సి51 వచ్చింది, అదే 8051 లోపల ఫ్లాష్ పెట్టి. కరెంటుతో క్షణాల్లో చెరిగిపోయింది. మైక్రోచిప్ పిక్16సి84 1993లో ప్రోగ్రామ్ మెమరీని ఈఈప్రామ్‌గా చేసింది. ఇంట్లో ప్రయోగాలు చేసుకునే వాళ్ళ చేతికి ఈ వ్యవహారం అందిందంటే ఈ చిప్పుల పుణ్యమే. గాజు కిటికీ వాళ్ళు మీ ఫ్లాష్‌ని చూసి, కుర్రాళ్ళకి తప్పు చవకైపోయిందనే అని ఉంటారు.

చిప్పు పక్షం: అన్నారు. నాకు పని నేర్పిన ఆయనే అన్నాడు. ఆయన దగ్గర నాలుగు 8751లు ఉండేవి. ఒకటి సర్క్యూట్‌లో, మిగతావి దీపం కింద వంతులవారీగా. దీపం కింద చిప్పు కాలుతున్న ఇరవై నిమిషాలూ ఆయన ఖాళీగా కూర్చోడు. కోడ్ కాగితం మీద పరుచుకుని పెన్సిల్‌తో ఒక్కో లైనూ నడుపుకుంటూ పోతాడు. దీపం ఆరేలోపు అసలు తప్పు కాగితం మీదే దొరికేది. నేను ఫ్లాష్ వచ్చాక ఆ కాగితం మానేశాను. అందుకే నీ మాట నాకు తగులుతోంది. నేను నిన్ను అంటున్నది ఆయన నన్ను అన్నదే. ఆయన అన్నది తప్పు కాదనీ నాకు తెలుసు.

బోర్డు పక్షం: కాబట్టి ఎక్కడో ఒక చోట గీత గీయాలి. మీరు మీకు అలవాటైన చోట గీస్తున్నారు.

చిప్పు పక్షం: గీత గీయడానికి ఒక కారణం చెప్తాను, అలవాటు కాదు. ఏటీమెగా328పి తీసుకో. 32 కిలోబైట్ల ఫ్లాష్, 2 కిలోబైట్ల ర్యామ్. 16 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక క్లాకు 62.5 నానోసెకన్లు. ఒక పిన్నుని పైకి లేపే సూచనకి రెండు క్లాకులు, అంటే 125 నానోసెకన్లు. ఎప్పుడు నడిపినా అంతే, రాత్రయినా పగలైనా. ఆర్డుయినో డిజిటల్‌రైట్‌తో అదే పని చేయిస్తే కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది, ఎందుకంటే అది పిన్ నంబరు పట్టికలో వెతుక్కుని, పీడబ్ల్యూఎం ఉందేమో చూసుకుని, ఇంటరప్టులు ఆపి, అప్పుడు లేపుతుంది. చిప్పు అదే. మధ్యలో ఎవరున్నారన్నదే తేడా. ఇక ఈఎస్‌పీ8266లోనైతే నీ ప్రోగ్రామ్ వైఫై పనికి చోటివ్వకుండా కాసేపు తిరిగితే వాచ్‌డాగ్ వచ్చి చిప్పుని రీసెట్ చేసేస్తుంది. నీ ఇంట్లో నువ్వు అద్దెకున్నట్టు. ఒక మనిషి ఒక యంత్రాన్ని మొత్తంగా, ఆ చివర నుంచి ఈ చివర దాకా తలలో ఇముడ్చుకోగలిగే ఆఖరి మెట్టు ఈ 8 బిట్ చిప్పులు. దాని డేటాషీటు ఓపిక ఉంటే నెలలో చదివేయొచ్చు. ఈఎస్‌పీ32లో వైఫై నడిపే కోడ్‌లో కొంత భాగం కంపెనీ మూసే ఇస్తుంది. చదువుదామన్నా దొరకదు.

బోర్డు పక్షం: టైమింగు మీద మీరు సగమే చెప్పారు. పికో మీది ఆర్‌పీ2040లో పీఐవో అని ఎనిమిది చిన్న స్టేట్ మెషీన్లు ఉన్నాయి. ఒక్కోటి క్లాకుకి ఒక సూచన, అటూ ఇటూ కదలకుండా. డబ్ల్యూఎస్2812 రంగు ఎల్‌ఈడీల పట్టీ ఉంది కదా, దాని పల్సులు ఒక్క మైక్రోసెకను కూడా ఉండవు. మీ ఏవీఆర్ దాన్ని నడపాలంటే ఇంటరప్టులన్నీ ఆపుకుని ఊపిరి బిగపట్టాలి, ఆలోపు గడియారం లెక్క తప్పుతుంది. పికోలో ఆ పని పీఐవోకి అప్పగించి ప్రాసెసర్ హాయిగా తన పని తాను చూసుకుంటుంది. ఖచ్చితత్వం మీ సొత్తేం కాదు. ఇంకో మాట. మీ ఏటీ89ఎస్52కీ నలభై కాళ్ళే, నా పికోకీ నలభై కాళ్ళే, అదే బ్రెడ్‌బోర్డు మీద అలాగే గుచ్చుతాం. ఆర్‌పీ2040 అసలు చిప్పుకి 56 కాంటాక్టులు, ఏడు మిల్లీమీటర్ల చదరంలో. మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో దాన్ని అతికించడం ఎవరి తరం? కొత్త చిప్పులు బ్రెడ్‌బోర్డులో గుచ్చే కాళ్ళున్న డిప్ రూపంలో రావడం దాదాపు ఆగిపోయింది. బోర్డు అంటే మీరు తక్కువగా చూస్తారు గానీ, ఈ కాలపు డిప్ ప్యాకేజీ అదే. అది ఆకుపచ్చగా ఉంది, మీది నల్లగా ఉండేది. అంతే.

చిప్పు పక్షం: ఇది బాగుంది. ఇది నాకు ఎప్పుడూ తట్టలేదు. అవును, డిప్ రోజులు అయిపోతున్నాయి. సీహెచ్32వి003 అని రిస్క్-ఫైవ్ చిప్పు ఉంది, 48 మెగాహెర్ట్జ్, 16 కిలోబైట్ల ఫ్లాష్, వచ్చిన కొత్తలో టోకున కొంటే పది అమెరికన్ సెంట్ల లోపే ఉండేది. నాకు చాలా ఇష్టమైన చిప్పు. కానీ అతికించేటప్పుడు నా కళ్ళద్దాల మీద ఇంకో భూతద్దం కావాలి. అయినా నీ పోలికలో ఒక లొసుగుంది. నా నల్ల డిప్ నిద్రపోగలదు, నీ ఆకుపచ్చ డిప్ నిద్రపోదు. ఊనో బోర్డుని 9 వోల్టుల బ్యాటరీ మీద నడుపు. సుమారు 45 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది, పన్నెండు గంటలు కూడా రాదు. అందులోంచి అదే ఏటీమెగా328పిని ఊడదీసి రెండు పెన్సిల్ సెల్స్ మీద పెట్టి నిద్రపుచ్చు. వాచ్‌డాగ్ టైమర్ మేలుకునే ఉన్నా పది మైక్రో ఆంపియర్లు దాటదు. సెల్స్ వయసు మీరి పోవాలి తప్ప చిప్పు తాగడం వల్ల పోవు. చిప్పు పడుకున్నా దాని చుట్టూ ఉన్న రెగ్యులేటరు, యూఎస్‌బీ చిప్పు, పవర్ ఎల్‌ఈడీ పడుకోవు.

బోర్డు పక్షం: బ్యాటరీ దగ్గర మీరే గెలిచారు. వాదించను.

చిప్పు పక్షం: వోల్టేజీ దగ్గర కూడా. మన చేతికి దొరికే రిలే మాడ్యూళ్ళు, సెన్సార్లు చాలావరకు 5 వోల్టులవి. మీ కొత్త చిప్పులు ఎక్కువగా 3.3 వోల్టులవి.

బోర్డు పక్షం: అది నా గాయం. ట్యాంకులో నీటి మట్టం చూద్దామని హెచ్‌సి-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సార్ ఈఎస్‌పీ32కి తగిలించాను. దాని ఎకో పిన్ను 5 వోల్టులు ఇస్తుంది. రెండు రెసిస్టర్లు పెట్టి తగ్గించాలని తెలుసు, పెట్టలేదు. రెండు నెలలు పనిచేసింది, ఇక అక్కర్లేదనుకున్నాను. మూడో నెల ఆ పిన్ను చచ్చిపోయింది. ప్రోగ్రామ్ ఎన్నిసార్లయినా చెరిపి రాసుకోవచ్చు, కాలిన పిన్నుని కాదు. ఇంకోసారి 12వ పిన్నుకి పై వోల్టేజీ తగిలేలా సర్క్యూట్ కట్టాను. బోర్డు అసలు బూట్ కాలేదు. ఒక సాయంత్రమంతా కేబుల్‌ని తిట్టాను. తీరా చూస్తే ఆ పిన్ను బూట్ అయ్యే క్షణంలో ఫ్లాష్ మెమరీకి ఎన్ని వోల్టులివ్వాలో నిర్ణయిస్తుందట. ఇవన్నీ నేను కూడా డేటాషీటు తెరిస్తేనే తెలిశాయి. కానీ గమనించండి, నేను తెరిచాను. బోర్డుతో మొదలుపెట్టినవాడు డేటాషీటు దాకా రాడని మీరనుకుంటారు. తప్పు ఖరీదైన చోటికి వాడంతట వాడే వస్తాడు, అప్పటికి వాడి చేతిలో పనిచేసే వస్తువొకటి ఉంటుంది. మీరు డేటాషీటుని గుమ్మం ముందు పెట్టారు. చాలామంది గుమ్మం దాటలేదు.

చిప్పు పక్షం: గుమ్మం దాటనివాళ్ళ లెక్క నా దగ్గర లేదు, నిజమే. నాకు కనిపించేది దాటినవాళ్ళే.

బోర్డు పక్షం: ఆర్డుయినో పుట్టిందే అందుకు. 2005లో ఇటలీలో ఇవ్రెయా అనే ఊళ్ళో, డిజైన్ చదివే పిల్లల కోసం. వాళ్ళు ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు కారు. దీపం వెలగాలి, బొమ్మ కదలాలి, అంతే. దానికి ముందు అక్కడే హెర్నాండో బరగాన్ వైరింగ్ అనే పని చేసి దారి వేశాడు. ఆర్డుయినోలో వాడిన ఏవీఆర్ చిప్పు కొత్తది కాదు, నార్వేలో ఇద్దరు విద్యార్థులు దాని నమూనా గీసి అప్పటికి చాలాకాలమైంది. కొత్తది గుమ్మం తీసేయడం. దానివల్లే నాలాంటివాళ్ళు లోపలికొచ్చాం.

చిప్పు పక్షం: ఊనోని నేను ఎప్పుడూ తిట్టను. దాని మీద చిప్పు బేసులో కూర్చుని ఉంటుంది. ఊడదీసి నీ సొంత జీరో బోర్డు మీద పెట్టుకోవచ్చు. కాలిపోతే చిప్పొక్కటే మార్చొచ్చు. వెనక్కి పోయే దారి ఉంచింది. నా గొడవ ఆ దారి మూసేసిన బోర్డులతో.

బోర్డు పక్షం: దారి సంగతికొస్తే, 2021లో చిప్పులు దొరకని ఏడాది మీ ఏటీమెగా328పి కోసం జనం వెతుక్కున్నారు, ధరలు ఎక్కడికో పోయాయి. అదే ఏడాది జనవరిలో నాలుగు డాలర్లకు వచ్చిన పికో దొరుకుతూనే ఉంది. మీ ఒక్క చిప్పు ఖరీదుకి నాకు రెండు కోర్లు, 264 కిలోబైట్ల ర్యామ్, పనిచేసే బోర్డు. నెలకింత అని చూసుకుని ఖర్చుపెట్టే కుర్రాడి దగ్గర మీ సిద్ధాంతం ఎంతసేపు నిలుస్తుంది?

చిప్పు పక్షం: నిలవదు. డబ్బు దగ్గర నేను ఓడిపోయి చాలా ఏళ్ళయింది. నేను నిలబడేది ఒక్క చోటే. చెరిపి రాయొచ్చంటే ఎన్నిసార్లయినా రాయొచ్చని కాదు. ఇది కూడా నా తప్పే, విను. మోటారు ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అని కరెంటు పోయినా గుర్తుండాలని ఈఈప్రామ్‌లో సెకనుకోసారి రాయించాను. ఏవీఆర్ ఈఈప్రామ్‌కి లక్షసార్లు హామీ. సెకనుకొకటి అంటే 28 గంటల్లోపే హామీ తీరిపోయింది. పాపం ఆ చిప్పు హామీని మించి నెల పైచిలుకు లాగి, ఒక రాత్రి అబద్ధం చెప్పింది. మోటారు ఆన్‌లో ఉంటే ఆఫ్ అంది. ట్యాంకు పొంగి పక్కింటి డాబా మీద ఆరబెట్టిన వడియాలు తడిసిపోయాయి. డిలే లేకుండా లూప్‌లో పెట్టి ఉంటే, ఒక్కో రాతకి 3.3 మిల్లీసెకన్లు, హామీ ఆరు నిమిషాల్లో అయిపోయేది. విలువ మారినప్పుడే రాయాలన్న ఇంగితం నాకు ఏ లైబ్రరీ ఇవ్వలేదు.

బోర్డు పక్షం: ఆర్డుయినో లైబ్రరీలో అప్‌డేట్ అని ఒక ఫంక్షన్ ఉంది అన్నా. విలువ మారితేనే రాస్తుంది.

చిప్పు పక్షం: ఉందా?

బోర్డు పక్షం: ఉంది. మీలాంటివాళ్ళు వడియాలు తడుపుకున్నాకే ఎవరో రాసుంటారు. తప్పు ఒకసారి ఒకరు చేస్తే చాలు, తర్వాతివాళ్ళందరూ చేయక్కర్లేదు. లైబ్రరీ అంటే నాకు అదే.

చిప్పు పక్షం: నాకు అదే భయం. వాడు ఆ ఫంక్షన్ వాడతాడు, లక్ష అనే అంకె ఎప్పటికీ వినడు. రేపు ఫ్లాష్‌లో రాసే ఇంకో బోర్డు మీదికి మారతాడు. అక్కడ హామీ లక్ష కూడా ఉండకపోవచ్చు. అడ్డుపడేవాడు ఉండడు.

బోర్డు పక్షం: అప్పుడు వాడి వడియాలు తడుస్తాయి. అప్పుడు నేర్చుకుంటాడు.

చిప్పు పక్షం: పొలంలో మోటారైతే తడిసేది వడియాలు కాదు. ఫోన్ చేస్తే నడిచే ఆటో స్టార్టర్ల మీద ఎంతమంది రైతులు ఆధారపడ్డారో చూశావుగా. సరదా ప్రయోగం ఎప్పుడు పెట్టెలోకెక్కి గోడకి బిగిసిపోతుందో చేసినవాడికే తెలియదు. బల్ల మీద ఉన్నంతసేపే తప్పు చవక.

బోర్డు పక్షం: బల్ల మీద ఉండగానే చవగ్గా చేసెయ్యమనే నేననేది.

చిప్పు పక్షం: బల్ల మీద ఉండగానే ఖరీదుగా చెయ్యమంటాను నేను.

బోర్డు పక్షం: సరే, ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. మీ మనవరాలు ఎనిమిదో తరగతి. రేపు అడిగితే ఏం కొనిస్తారు?

చిప్పు పక్షం: పికో.

బోర్డు పక్షం: చూశారా!

చిప్పు పక్షం: రెండో నెల ఏటీమెగా328పి, ఐసీ బేసు, క్రిస్టల్ కొనిస్తాను. ముందు నువ్వు చెప్పు. మీ ఇంటి ట్యాంకు మీద ఈఎస్‌పీ32 ఇంకా ఉందా?

బోర్డు పక్షం: లేదు. పిన్ను పోయాక రెండోది పెట్టాను. వానాకాలంలో ఆ సెన్సార్ చెమ్మ పట్టి పోయింది. ఇప్పుడు ఫ్లోట్ స్విచ్, ఒక రిలే. మైక్రోకంట్రోలరే లేదు.

చిప్పు పక్షం: మా ఇంట్లోనూ అంతే. వడియాల గొడవ అయిన వారమే మార్చేశాను.